లోపలి సూది

అయ్యవారిని ప్రశ్న అడగడమంటే పని కొని తెచ్చుకోవడమే. ఈతల్లంకలో కాలవ గట్టు మీదున్న ఆ చిన్న ఆశ్రమంలో, కొత్తగా వచ్చినవాళ్ళకు తప్ప ఈ సంగతి అందరికీ తెలుసు. మోక్షమంటే ఏమిటని అడిగినవాడు నూతిలో పూడిక తీశాడు. మాయంటే ఏమిటని అడిగినవాడు మూడు రోజులు పెసల్లో రాళ్ళేరాడు. అందుచేత పాతకాపులు ఆయన దగ్గర కూర్చుని వానల గురించీ వంకాయల గురించీ మాట్లాడి, దణ్ణం పెట్టి లేచిపోయేవారు.

ఆయన అసలు పేరు కొండలరావు. ఆ పేరు ఆయనకే సరిగ్గా గుర్తుండేది కాదు. గురువెలా అయ్యారని ఎవరైనా అడిగితే దాచుకునేవారు కూడా కాదు. "నాదేముందర్రా! మా ఊరి మంగలి నూకరాజు అలిగి ఆర్నెల్లు అత్తారింటికి పోయాడు. ఈలోగా నా గడ్డం బొడ్డుదాకా దిగింది. ఎవరో దారినపోయే ఆయన చూసి దణ్ణం పెట్టాడు. కాదనడానికి నాకు మొహమాటమేసింది. నూకరాజు తిరిగొచ్చేసరికి పదిమంది శిష్యులు పోగయ్యారు. నన్ను గురువుని చేసింది వాడు. వాడికి మాత్రం ఇప్పటిదాకా ఒక్కడూ దణ్ణం పెట్టలేదు" అని, గడ్డం నిమురుకుంటూ నవ్వేవారు.

సదాశివం ఈ కథ విన్నప్పుడల్లా మర్యాదకి నవ్వేవాడు. అతను పట్నంలో ఒక అచ్చాపీసులో పన్నెండేళ్ళు ప్రూఫులు దిద్దాడు, తీరిక వేళల్లో పుస్తకాలు కుట్టాడు. ఇతరుల తప్పులు దిద్దగా దిద్దగా తనకు తప్పులుండవనే నమ్మకం కుదిరింది. ఆ నమ్మకాన్ని జ్ఞానమనుకుని ఆశ్రమానికి వచ్చాడు. వస్తూ వస్తూ ఒక ట్రంకుపెట్టె తెచ్చుకున్నాడు. అందులో రెండు పంచెలు, ఒక ఎర్రపెన్సిలు, మూడేళ్ళుగా రాస్తున్న ఒక గ్రంథం ఉన్నాయి. గ్రంథానికి మూడువందల నలభై పేజీలున్నా అందులోని విషయమంతా మొదటి వాక్యంలోనే ఉంది: 'పైనున్నవాడు పైనుండుటకు యోగ్యుడు కనుకనే పైనున్నాడు.' మిగిలిన పేజీలన్నీ ఆ వాక్యానికి వింజామర వీచేవే. దాన్ని రాబోయే పున్నమినాడు నలుగురిలో చదవాలనీ, అయ్యవారు తల ఊపాలనీ అతని కోరిక.

అందుకే రోహిణి కార్తె ముగిసే రోజుల్లో ఒక ఉదయం, వేపపుల్ల నములుతున్న అయ్యవారి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అయ్యవారూ! లోకంలో కొందరు పైనుండి పనిచేస్తారు, కొందరు కిందనుండి చేస్తారు. చెమట ఇద్దరికీ పడుతుంది. పేరు మాత్రం పైవాడికే వస్తుంది. దీనికి కారణం యోగ్యతే కదండీ?"

చివరనున్న ఆ 'కదండీ' అడగడం కాదు, సంతకం పెట్టమని కాగితం చాపడం. అయ్యవారు పుల్ల ఉమ్మేసి, నోరు పుక్కిలించి, "బాగా అడిగావు. చద్దన్నం తిన్నావా?" అన్నారు.

"తిన్నానండి."

"అయితే ఇవాళ మన పాక కప్పుతున్నారు. పోయి చూడు."

చూడమన్నారే గాని చెయ్యమనలేదు కదా అని సదాశివం తేలిగ్గా ఊపిరి తీసుకున్నాడు.

ఆశ్రమానికంతటికీ ఉన్నది ఒకటే పెద్ద పాక. వంట అందులోనే, పడక అందులోనే, ఏడాదికి సరిపడా బియ్యం బస్తాలూ అందులోనే. సదాశివం ట్రంకుపెట్టె కూడా పడమటి గోడ వారనే ఉండేది. ఆ పడమటి వైపు పాత తాటాకు చివికిపోయింది. దాన్ని తీసిపారేసి, మృగశిర వానలు దిగేలోగా కొత్త ఆకు వెయ్యాలి. ఏటా ఆ పని చేసేది ముత్యాలు, అతని వదిన బంగారమ్మ.

తాటాకు కప్పడం ఇద్దరి పని. ఒకరు పైనెక్కి ఆకు పరిచి, మూరెడు వెదురుసూదికి తడిపిన నార ఎక్కించి ఆకులోంచి కిందికి గుచ్చుతారు. రెండోవారు లోపల మంచె మీద కూర్చుని, ఆ సూదిని అందుకుని, నారను వాసం చుట్టూ తిప్పి, అవతలి పక్కనుంచి మళ్ళీ పైకి గుచ్చుతారు. తిప్పగానే "పట్టింది!" అని కేకెయ్యాలి. అప్పుడు పైవాళ్ళు ముడి బిగిస్తారు. పైనున్నవాళ్ళకు గాలి, వెలుతురు, దారినపోయేవాళ్ళ పలకరింపులు. లోపలున్నవాళ్ళకు దుమ్ము, బూజు, బల్లులు. పని పూర్తయ్యాక కప్పు నడినెత్తిన, కొప్పు మీద కూర్చున్నవాడికి ఇంటివారు కొత్త తువ్వాలు తలపాగా చుట్టి, బెల్లంముక్క నోట్లో పెట్టి, మేస్త్రీ అని పిలుస్తారు. లోపలున్నవాళ్ళు మిగిలిన ఆకుముక్కలు పొయ్యిలోకి ఏరుకుపోవచ్చు. ఇదీ ఆ లంకల్లో వాడుక. బంగారమ్మ మొగుడు బతికున్నన్నాళ్ళూ ఆయన పైన, ఆవిడ లోపల. ఆయన పోయాక తలపాగా తమ్ముడు ముత్యాలు నెత్తిమీదికి వచ్చింది. బంగారమ్మ మాత్రం ఇరవై ఏళ్ళుగా లోపలే ఉంది.

సదాశివం వెళ్ళేసరికి పని మొదలవలేదు, తగువు మొదలైంది.

"ఈ ఏడు నేను లోపల కూచోను" అంటోంది బంగారమ్మ, నిచ్చెన పట్టుకుని.

"అదేంటి వదినా, పొద్దెక్కిపోతుంటే!"

"వచ్చే నెల్లో నీ పెళ్ళి. ఆ పిల్లొచ్చి లోపల సూది పట్టుకుంటది. మంచిదే. మరి నేనేం పట్టుకోవాల? చిప్పా? ఈ ఇంటికి నన్ను పైకెక్కనియ్యి. వచ్చే వారం మిల్లోళ్ళ గోదాం ఉంది. ఆళ్ళు తలపాగా ఉన్నోళ్ళనే పిలుస్తారు."

ముత్యాలు తల గోక్కున్నాడు. చెడ్డవాడు కాడు, అలవాటుపడ్డవాడు. "ఆడది కొప్పెక్కితే ఇల్లు నిలవదంటారు వదినా. నేననడం కాదు, పెద్దోళ్ళ మాట."

"ఏ పెద్దోళ్ళురా? మీ అన్నా ఇదే అనేవోడు. ఆయనకీ పెద్దోళ్ళే చెప్పారంట. ఆ పెద్దోళ్ళని నాకొక్కసారి చూపించు. కాళ్ళకి దణ్ణం పెట్టి, కొప్పు మీంచి దిగమని చెప్తాను."

ఆకాశం నైరుతి మూల నల్లబడుతోంది. బియ్యం బస్తాల మీద ఎండ పడుతోంది. ట్రంకుపెట్టె మీదా పడుతోంది. సదాశివానికి ఇక ఉండబట్టలేదు. "ఈ మాత్రం దానికి రభస ఎందుకు? పై పనికంటే నేర్పు కావాలి గాని, లోపలి పని ఎవరైనా చేస్తారు. నేను కూర్చుంటాను. నువ్వెళ్ళి ఆ చెట్టు కింద కూర్చో, బంగారమ్మా" అన్నాడు.

బంగారమ్మ అతణ్ణి నఖశిఖపర్యంతం చూసింది. అరచేతులు చూసింది. చేతిలోని వెదురుసూదిని జాగ్రత్తగా, పసిబిడ్డను అందించినట్టు అందించింది. "తిప్పగానే పట్టిందీ అని కేకెయ్యాల, బాబుగారూ" అని మాత్రం చెప్పి, వేపచెట్టు కింద నార చీలుస్తూ కూర్చుంది.

అయ్యవారు అక్కడికి వచ్చి అంతా విన్నారు.  తీసేసిన పాత ఆకు కుప్పను చూపించి, "దాన్ని అలా పడమటి చూరు కిందికి లాగి పొయ్యండర్రా" అన్నారు.

"ఎందుకండీ?" అన్నాడు ఒక శిష్యుడు.

"ఊరికే. మెత్తగా ఉంటుంది."

సదాశివం లోపల మంచె ఎక్కాడు. మొదటి సూది దిగింది. అందుకున్నాడు. వాసం చుట్టూ తిప్పాలంటే చెయ్యి బారెడు సాచాలి, ముఖం బూజులో పెట్టాలి, వాసం మీద కాపురముంటున్న బల్లిని ఒప్పించాలి. రెండుసార్లు తిప్పేసరికి భుజం లాగేసింది, కళ్ళల్లో దుమ్ము పడింది. మూడోసారి అతనికి ఒక మెరుపులాంటి ఆలోచన వచ్చింది. పన్నెండేళ్ళు పుస్తకాలు కుట్టినవాడు. పుస్తకంలో కాగితాన్ని కాగితంతో కలిపి కుడతారు గాని బల్లకేసి కుట్టరు కదా! ఆకును ఆకుతో కలిపి కుట్టేస్తే పోయె. ఈ వాసం చుట్టూ ప్రదక్షిణం దేనికి? సూది దిగిన చోటుకి బెత్తెడు పక్కనే తిరిగి పైకి గుచ్చి, "పట్టింది!" అని గంట కొట్టినట్టు కేకేశాడు.

పైన ముత్యాలు లాగి చూశాడు. బిగువుగానే ఉంది. ముడేశాడు.

అక్కణ్ణుంచి పని పరుగెత్తింది. సూది దిగడం, బెత్తెడు పక్కన లేవడం, "పట్టింది!" కొత్త ఆకు సందుల్లోంచి అక్కడక్కడా ఎండ చుక్కలు చుక్కలుగా లోపలికి పడుతోంది. 'పగలే చుక్కలు కనిపించడమంటే ఇదన్నమాట!' అనుకుని సదాశివం మురిసిపోయాడు. వాటి మీద ఒక పద్యం కూడా ఎత్తుకున్నాడు. రెండో పాదంలో యతి కుదరక ఆగిపోయింది గాని, కుట్టు మాత్రం ఆగలేదు.

చెట్టు కింద బంగారమ్మ చెవులు రిక్కించి, "సూది మరీ బేగి తిరిగొస్తందే!" అంది.

"చెప్పకపోయావా?" అన్నారు అయ్యవారు.

"అడిగితే చెప్తానండి. అడక్కపోయినా చెప్పేది పైనున్నోళ్ళు."

అయ్యవారు పెద్దగా నవ్వి, తనూ కొంత నార తీసుకుని చీల్చడం మొదలుపెట్టారు. ఆయన చీల్చిన దాంట్లో సగం తెగిపోయింది. బంగారమ్మ ఆ సగాన్ని ఆయన చూడకుండా పక్కకు తోసింది.

రెండు రోజుల పని ఒక పూటలో అయిపోయింది. మధ్యాహ్నం మూడింటికి ముత్యాలు కొప్పెక్కి పడమటి వాలు మీదికి కాళ్ళు చాపుకుని కూర్చున్నాడు. కింద శిష్యులు చప్పట్లు కొట్టారు. ఒకతను నిచ్చెనెక్కి కొత్త తువ్వాలు చుట్టి, బెల్లంముక్క నోట్లో పెట్టాడు. సదాశివం నెత్తినిండా బూజుతో బయటికొచ్చి, తన గ్రంథంలో నూటపన్నెండో పేజీలో చేర్చడానికి ఒక ఉదాహరణ దొరికిందనుకుంటున్నాడు.

సరిగ్గా అప్పుడే నైరుతి నుంచి ఈదురుగాలి లేచింది. పడమటి చూరు కొంచెం పైకి లేచింది, పుస్తకం అట్ట తెరవబోయినట్టు. "ఇదేంటిది?" అన్నాడు ముత్యాలు బెల్లం నోట్లో పెట్టుకునే. ఆ మాట పూర్తయ్యేలోపే పడమటి కప్పంతా, ఒక్క ఆకు కూడా విడిపోకుండా, మొదటి రెండు కుట్లు తప్ప ఒక్క కుట్టు కూడా తెగకుండా, పెళ్ళివారి చాపలాగా చక్కగా జారుకుంటూ కిందికి బయల్దేరింది. దాని మీద తలపాగాతో సహా ముత్యాలు, పల్లకిలో దొరలాగ. కప్పూ, మేస్త్రీ కలిసి మెత్తటి పాత ఆకు కుప్ప మీద దిగారు.

 ఆకు కింద నుంచి ముత్యాలు గొంతు వినిపించింది. "బెల్లం మింగేశానండి, ఇంకేం పర్లేదు. కాలు మడతపడ్డట్టుంది."

బంగారమ్మ పరుగెత్తుకొచ్చి మరిది కాలు పట్టి చూసింది. విరగలేదు, బెణికింది. తరువాత కప్పును ఎత్తి, అడుగున కుట్టు చూసింది. సన్నగా, సమంగా, వరసలు తప్పకుండా ఉంది. ఆవిడ చెంగు నోటికడ్డం పెట్టుకుంది. "కుట్టు మటుకు ఎంత బాగా కుట్టారండీ బాబుగారు! ఇంటికి తగిలించడమే మర్చిపోయారు."

సదాశివం ఆ మాట సగమే విన్నాడు. అతని చూపంతా పాకలోపల ఉంది. నల్లటి ఆకాశం కింద, బియ్యం బస్తాల పక్కన, ట్రంకుపెట్టె దిక్కులేనిదానిలా కూర్చుని ఉంది. గాలికి తడివాసన వచ్చింది. "అయ్యవారూ, ఇప్పుడెలాగండీ?" అన్నాడు ఏడుపుగొంతుతో. అతను అయ్యవారిని అడిగిన ప్రశ్నల్లో 'కదండీ' లేని ప్రశ్న అదే మొదటిది.

అయ్యవారు ముత్యాలు వైపు తిరిగారు. "ఆడది ఎక్కితే ఇల్లు నిలవదన్నావు. మగాడెక్కినా నిలవలేదు. గడ్డమున్నవాడు ఎక్కితే నిచ్చెన కూడా నిలవదు. మరి చెప్పు, ఎవరెక్కాలి?"

ముత్యాలు బెణికిన కాలు చూసుకున్నాడు, ఆకాశం చూశాడు, వదిన ముఖం చూశాడు. "ఆయ్... ఎక్కు వదినా. లోపల నేను కూచుంటాను. కాలుతో పన్లేదు కదా."

బంగారమ్మ చెంగు బిగించి నిచ్చెనెక్కింది. కొప్పు మీద కాలు పెట్టి ఒక్కసారి కాలవ వైపు చూసింది. ఇరవై ఏళ్ళుగా ఊళ్ళో ఇళ్ళన్నీ లోపలి నుంచే ఎరుగును, పైనుంచి ఊరెలా ఉంటుందో ఆవిడకు తెలీదు. "బాగుందర్రా!" అంది. అంతే, పనిలో పడింది. శిష్యులంతా, అయ్యవారితో సహా, ఆ కప్పును చాపలాగే ఎత్తి మళ్ళీ వాసాల మీద పరిచారు. ఆకుకు ఆకు కుట్టే ఉంది గనక ఇక వాసాలకు కట్టడమే మిగిలింది. లోపల ముత్యాలు మంచెమీద కూర్చున్నాడు. సదాశివం అడక్కుండానే దాని కింద నిలబడి మంచెకు భుజం ఆనించాడు. ట్రంకుపెట్టె అక్కడికి నాలుగు అడుగుల్లోనే ఉంది. ఎత్తుకుపోయి దాచుకోవచ్చు. కాని భుజం తీస్తే మంచె ఊగుతుంది. అతను తియ్యలేదు.

సూది దిగింది. ముత్యాలు తిప్పాడు, తుమ్మాడు, "పట్టింది" అన్నాడు. పది సూదులు అయ్యాక తలెత్తి చూశాడు. 

"వదినా! ఇక్కడంతా వెలుగేంటి? కంతలు! పైనుంచి ఒక్కటీ కనబడదే!"

పైనుంచి బంగారమ్మ నవ్వు వినిపించింది. "పైనుంచి ఆకు కనబడతది. కంతలు లోపలోళ్ళకే కనబడతాయి. ఇరవయ్యేళ్ళ నుంచి జానెడు ఎడంకి, బెత్తెడు కిందకి అని మీ అన్నకీ నీకూ చెప్పిందెవరు? ఇప్పుడు నువ్వు చెప్పు."

"అంటే నేను కప్పిన ఇళ్ళు..."

"నువ్వే కప్పావురా, కాదన్నదెవరు? ముందు కంత ఎక్కడో చెప్పు, చినుకులు పడతన్నాయి."

"జానెడు ఎడంకి వదినా! ఇంకొంచెం... ఆఁ, అక్కడే!"

లోపలికి దిగిన మొదటి చినుకు సదాశివం ముక్కు మీద పడింది, రెండోది ట్రంకుపెట్టె మీద. పదో చినుకుకు పెట్టె మీది కంత మూసుకుపోయింది. ఆఖరి ముడి బిగిసేసరికి వాన దబాయించింది. బంగారమ్మ తడిసి ముద్దయి నిచ్చెన దిగుతుంటే, ముత్యాలు కుంటుతూ బయటికొచ్చాడు. మనిషంతా బూజు. ముఖం తుడుచుకుందామని తలపాగా తీసి, తుడుచుకోబోయి, ఆగాడు. వాడుక ప్రకారం అది కొప్పు మీద కూర్చున్నవాళ్ళది. మడత విదిలించి వదిన చేతికిచ్చాడు.

"గోదాంకి?" అంది ఆవిడ, అందుకోకుండానే.

"ఇద్దరం పోదాం. ఒక ఇంటికి నువ్వు పైన, ఒక ఇంటికి నేను."

"మరి ఆ పిల్ల?"

"ఆ పిల్లకీ నిచ్చెన నేర్పు. నేను లోపల కూచుని తుమ్ముతుంటాను."

బంగారమ్మ తువ్వాలు అందుకుని ముందు వాడి ముఖం తుడిచింది. తరువాత దాన్ని పిండి, తలకు చుట్టుకుంది. కొంచెం వంకరగా వచ్చింది. సదాశివం ముందుకొచ్చి, "మీరు కొంచెం వేడినీళ్ళు తాగుతారా, బంగారమ్మ గారూ?" అన్నాడు. ఆవిడ ఆ గారు ఎవరా అని వెనక్కి తిరిగి చూసింది.

చీకటి పడకముందే అందరూ పాకలో చేరారు. బయట వాన కుండపోతగా పడుతోంది, లోపల చారు మరుగుతోంది. పొద్దున అడిగిన ప్రశ్నను సదాశివం మళ్ళీ ఎత్తలేదు. గోడ వార కూర్చుని ట్రంకుపెట్టె తెరిచి, గ్రంథం తీసి, మొదటి పేజీ తిప్పాడు. మొదటి వాక్యం దగ్గర చాలాసేపు ఆగాడు. పెట్టెలో చెయ్యి పెట్టి, వెతికి, ఎర్రపెన్సిలు బయటికి తీశాడు. పన్నెండేళ్ళలో ఎన్నడూ లేనిది, ఎక్కడ గీత పెట్టాలో అతనికి తోచలేదు.

అయ్యవారు చారు ఊదుకుంటూ అతణ్ణి చూస్తున్నారు.

"తప్పు దొరికిందా నాయనా?"

"ఉందండి. ఎక్కడో తెలియడం లేదు."

"దొరుకుతుందిలే, తొందరేముంది" అన్నారు అయ్యవారు. "కాగితం అలా పక్కన పెట్టు. ముందొకసారి తలెత్తి కప్పు చూడు."